వాడరేవు దాకా పాకిన అల్లం

గౌస్ బాషా అబద్ధాలకోరు కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. అద్దంకిలో ఏళ్ళ తరబడి ట్రాలీ ఆటోలో అల్లం, వెల్లుల్లి, నిమ్మకాయలు పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్ముతున్నాడు. తూకంలో ఏనాడూ తేడా రానివ్వలేదు. మెత్తబడ్డ అల్లం ముక్కని మంచి సరుకులో కలపలేదు. కాకపోతే, జరిగింది జరిగినట్టు చెప్పి ఊరుకోవడం ఆయన నోటికి చేతకాదు. మొదటి మాట నిజమే వస్తుంది. రెండోదీ నిజమే. ఎదుటివాడు కళ్ళు పెద్దవి చేశాడా, ఇక మూడోది ఎటు పోతుందో ఆయనకే తెలియదు.

ఈ సంగతి ఆయన భార్య షాజాదీకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందుకే ఆ రోజు పొద్దున ఆటో ఎక్కుతూనే చెప్పింది.

"చూడండి, సంచుల్లో అల్లం పండించానని చెప్పండి. ఎలా పండించారని అడిగితే అది చెప్పండి. అక్కడితో ఆపెయ్యండి."

"నేనేమన్నా వాగుడుకాయనా?" అన్నాడు బాషా, నొచ్చుకున్నట్టు.

ఆటో ఊరు దాటింది. రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. గాలి అటునుంచి వీచినప్పుడల్లా ఇద్దరూ తుమ్ముతున్నారు.

వాళ్ళు వెళ్తున్నది రమణమ్మ గారి మునగతోట కౌలుకి అడగటానికి. చీరాల రోడ్డు మీద, అయూబ్ టీకొట్టు వెనకాలే ఉంది ఆ తోట. చుట్టూ అంతా నల్లరేగడి, పత్తీ మిరపా వేసే నేల. ఈ ఒక్క ముక్కే ఇసుక కలిసిన ఎర్రనేల. చెట్ల మధ్య చోటంతా ఏ పంటా లేకుండా పడి ఉంది. ఇంకొకరి అల్లం కొని అమ్మడం కాకుండా తన అల్లం తను పండించుకోవాలని బాషాకి ఎప్పటినుంచో కోరిక. ఈసారి తప్పిపోతే అలాంటి నేల మళ్ళీ దొరకదు. పైగా అదే చోటు క్రీస్తుదాసు కూడా అడుగుతున్నాడు. పూలమొక్కలూ, మిరపనారూ పెంచి అమ్ముకునేవాడు. అక్కడ నర్సరీ పెడతానంటున్నాడు. మాట తక్కువ, ఆలోచన ఎక్కువ మనిషి.

వీళ్ళు వెళ్ళేసరికి క్రీస్తుదాసు అప్పటికే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన చెంచురామయ్య, రమణమ్మ భర్త. మిరప రైతు. కబుర్లంటే చెవి కోసుకుంటాడు. రమణమ్మ మాత్రం కొంచెం ఎడంగా పీట వేసుకుని, ఒళ్ళో చాట పెట్టుకుని మునగాకు దూస్తోంది. తోట ఆమె పేరు మీదే ఉంది. ఎవరికివ్వాలన్నా ఆమె నోటినుంచి మాట రావాలి. ఆమె మాటేమో తొందరగా వచ్చేది కాదు.

అయూబ్ అందరికీ టీ ఇచ్చాడు. చెంచురామయ్యే మొదలుపెట్టాడు.

"ఏమయ్యా బాషా, అల్లం వేస్తానంటున్నావంట. అది కొండ ప్రాంతాల పంట గదా. మన ఎండలకి బతుకుద్దా?"

"నల్లరేగడిలో అయితే బతకదండీ," అన్నాడు బాషా వినయంగా. "నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోద్ది. మీ నేలలో నీళ్ళు నిలవవు, ఇంకిపోతై. పైన మునగ నీడ పలచగా పడుద్ది. అల్లానికి కావలసిందే అది. పోయినేడు మా పెరట్లో సిమెంటు సంచుల్లో వేసి చూశాను. మట్టీ పశువుల ఎరువూ కలిపి, మొలకలొచ్చిన అల్లం ముక్కలు పాతాను. చిన్న వెదురుమొక్కల మాదిరి ఆకులొచ్చినై. ఆ ఆకులు పండి ఎండిపోయినాక సంచి బోర్లిస్తే, సంచికి కిలో పైన వచ్చింది."

ఇందులో ప్రతి అక్షరం నిజం. షాజాదీ టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని రమణమ్మ వైపు చూసింది. రమణమ్మ ఆకు దూయడం ఆపి, ఒకసారి తలాడించి, మళ్ళీ దూయడం మొదలుపెట్టింది. పని అయిపోయినట్టేనని షాజాదీకి అనిపించింది. లేద్దామా అన్నట్టు భర్త మోచేతిని తాకింది కూడా.

అప్పుడు క్రీస్తుదాసు గ్లాసు కింద పెట్టి, ఏమీ ఎరగనివాడిలా అడిగాడు.

"కిలో పైన అంటే ఎంత పైన, బాషా అన్నా?"

లేవబోయిన షాజాదీ మళ్ళీ కూర్చుంది. ఈ మనిషికి తన భర్త సంగతి తెలుసు. మట్టిలో మొలక ఎక్కడుందో తెలిసినవాడు సరిగ్గా అక్కడే నీళ్ళు పోసినట్టు అడిగాడు.

"అన్ని సంచులూ అంతే," అన్నాడు బాషా. ఆగాడు. చెంచురామయ్య కొంచెం ముందుకి వంగాడు. "ఒక సంచి మాత్రం..."

ఒకటి మాత్రం అన్నాడంటే ఇక అయిపోయింది. షాజాదీ తాకిన మోచేతిని గట్టిగా గిల్లింది. బాషా ఆ చెయ్యి తీసి గాల్లో తిప్పాడు.

"వినండి. జనం అల్లాన్ని వేరనుకుంటారు. వేరు కాదండీ, అది కాండం. చెరుకుగడకి ఉన్నట్టే దానికీ కణుపులుంటై, కణుపు కణుపుకీ మొగ్గ ఉంటది. చెరుకు నిలబడుద్ది, ఇది నేలలో పడుకుని అడ్డంగా పాకుద్ది, అంతే తేడా. అల్లం, పసుపు, యాలక్కాయ ఒక ఇంటి బిడ్డలు. మా అమ్మాయి సిద్దికా కాలేజీ పుస్తకంలో ఉంది, కావాలంటే ఫోన్ కలుపుతాను, అడగండి. సరే, అన్ని సంచులూ బోర్లించాను, ఆ ఒక్కటి మాత్రం ఉంచాను, ఎంతవరకూ పోద్దో చూద్దామని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సంచి ఉబ్బటం మొదలుపెట్టింది. ముందు కుండంత ఉంది, తర్వాత నీళ్ళ గాబంత అయింది. ఒకరోజు తెల్లారి లేచి చూస్తే సంచి పిగిలి, పెరట్లో గేదె పడుకున్నట్టు పడుకుని ఉంది అల్లం. మా ఎదురింటాయన నిజంగా గేదె అనుకుని గడ్డి తెచ్చి వేశాడు."

"తిన్నదా?" అన్నాడు అయూబ్ స్టవ్ దగ్గర్నుంచి.

"అల్లం గడ్డి తింటదా అయూబూ, తెలివి ఉండక్కర్లా?" అని బాషా విసుక్కున్నాడు. చెంచురామయ్య పకపకా నవ్వాడు. క్రీస్తుదాసు మాత్రం నవ్వకుండా, ఎంతో శ్రద్ధగా తలాడించాడు.

"మరి దాన్ని కొయ్యటం ఎట్లా?"

"రంపం తెచ్చానయ్యా. ఒక పక్క నేను, ఒక పక్క మా బావమరిది. ఒక ముక్క కోసేసరికి ఆ ఘాటుకి మా వీధిలో జలుబున్నవాళ్ళందరికీ జలుబు వదిలింది, లేనివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఇంకా అది పచ్చి అల్లమే. పచ్చి అల్లంలో ఉండే కారాన్ని జింజరాల్ అంటారు. ఎండి శొంఠి అయ్యేసరికి అందులో కొంత షోగాల్ అని ఇంకోటిగా మారుద్ది. దాని ఘాటు దీనికి రెట్టింపు. అందుకే శొంఠి చిటికెడు చాలు. అదే కూరలో వేసి ఉడికించారనుకోండి, ఘాటు తగ్గి కమ్మటి వాసన మిగులుద్ది."

ఇది కూడా నిజమే. సిద్దికా అన్నం తింటూ చెప్పినప్పుడు షాజాదీ కూడా విన్నది. తన భర్తతో వచ్చిన చిక్కే ఇది. అబద్ధం చెప్పేవాడు అబద్ధమే చెబితే జనం లేచి పోతారు. ఈయన నిజాన్నీ కోతనీ పక్కపక్కన పెట్టి వడ్డిస్తాడు. ఏది ఎక్కడ మొదలైందో తినేవాడికి తెలియదు.

"ఆ ముక్క ఎండబెట్టి శొంఠి చేశాను. దంచాను. మూత తీసిన పాపానికి గాలి మీ కల్లం వైపు మళ్ళింది, రామయ్య గారూ. ఆ ఘాటు తగిలి మీ మిరపకాయలు సిగ్గుతో ఎర్రబడ్డై. చూసుకోలేదా మీరు?"

"అదా సంగతి," అన్నాడు చెంచురామయ్య తొడ చరుచుకుని. "ఈసారి కాయకి రంగు బాగా తిరిగిందని వ్యాపారి అన్నాడు. నేను ఎరువు మహిమ అనుకున్నా."

రమణమ్మ తల ఎత్తలేదు. చాటలో ఆకు కుప్ప పెరుగుతోంది. షాజాదీ ఆమె ముఖం చదవాలని చూసింది. ఏమీ దొరకలేదు. క్రీస్తుదాసు ముఖం మాత్రం చక్కగా దొరికింది. బాషా ఒక్కో మాట పెంచినకొద్దీ తన నర్సరీ ఒక్కో మొక్క ఎదుగుతున్నట్టు చూస్తున్నాడు.

అయూబ్ మధ్యలో వచ్చి అడిగాడు. "అది సరే గాని భాయ్, వాంతులకి అల్లం పని చేస్తదంటారు, నిజమేనా? మా కోడలికి నెల తప్పింది. పొద్దున లేస్తే వికారం."

బాషా గొంతు మారింది. "పని చేస్తది. కానీ డాక్టరమ్మని అడిగి, ఆమె ఎంత చెబితే అంతే. పలచగా టీ లాగా పెట్టి ఇవ్వండి. రక్తం పలచబడే మాత్రలు మింగేవాళ్ళయితే అసలు అడక్కుండా మందులాగా వాడకూడదు. మంచిది గదా అని పిడికెడు తింటే గుండెల్లో మంట తప్ప ఏమీ రాదు."

మనుషుల రోగాల దగ్గర మాత్రం బాషా కోతలు కొయ్యడు. అందుకు షాజాదీ ఆయన్ని లోలోపల మెచ్చుకుంటుంది. ఇక్కడైనా ఆగుతాడేమోనని ఆశపడింది. కానీ తర్వాత వచ్చింది సముద్రం కథ. సముద్రం మనిషి కాదు గదా.

"వాంతులంటే గుర్తొచ్చింది," అన్నాడు బాషా, బల్ల మీద కాలు మడిచి పెట్టుకుంటూ. "వాడరేవుకి నిమ్మకాయలు వేసుకుని పోయాను ఒకసారి. తెలిసినవాళ్ళు పడవలో వేటకి పోతుంటే సరదాగా ఎక్కాను. లోపలికి పోయినాక గాలి లేచింది. పడవలో చీరాలనుంచి సరదాకి వచ్చినవాళ్ళు కొందరున్నారు, అందరికీ కడుపులో తిప్పటం. నా జేబులో అల్లం ఉంది. తలా ఒక చిన్న ముక్క ఇచ్చి చప్పరించమన్నాను. కాసేపటికి తేరుకున్నారు."

"అంతేనా?" అన్నాడు క్రీస్తుదాసు నిరాశగా.

ఆ ఒక్క మాటతో గేటు తెరుచుకుంది.

"అంతేనా అంటే అంతే కాదు. మనుషులు తేరుకున్నారు సరే, సముద్రం తేరుకోవద్దా? అలలు అట్లా ఎగిరెగిరి పడుతున్నాయంటే ఏంటి అర్థం? దానికీ వికారమే. పడవలో నా మూటలో ఆ పెద్ద సంచి అల్లంలో ముక్క ఉంది, మేకపిల్లంత. ఎత్తి నీళ్ళలో వేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సముద్రం ఒక్కసారి తేన్చింది. మేమంతా విన్నాం. ఇక చూడండి, పళ్ళెంలో పోసిన పాలల్లే అయిపోయింది. చేపలకి ఏం చెయ్యాలో తోచక పైకొచ్చి తేలుతున్నై. పడవ కదలదు. గాలి లేదు, అల లేదు. ఒడ్డుకి నడిచి రావాల్సి వచ్చింది."

"నీళ్ళ మీదా?" అన్నాడు చెంచురామయ్య.

"కదలని నీళ్ళు గదండీ."

"నిజమే, వాడరేవులో ఇప్పటికీ చెప్పుకుంటారు," అన్నాడు క్రీస్తుదాసు. "నేనూ విన్నాను. నారు అమ్మటానికి అటు పోయినప్పుడు ఆ చోటు కూడా చూపించారు."

బాషా ఒక్క క్షణం ఆయన వైపు అనుమానంగా చూశాడు. తన కోతకి సాక్షి దొరకడం ఆయనకీ కొత్తే. కానీ ఆ క్షణం ఎంతోసేపు నిలవలేదు.

"చూశారా, దాసు కూడా విన్నాడు. అసలు సంగతి ఇప్పుడు చెబుతా. ఒడ్డు ఎక్కాను. ఇసకలో ఒక మొలక కనపడింది. వెదురాకు లాంటి ఆకు. ఇసకలో అల్లం మొలకేంటని లాగాను. రాలేదు. విరిచి వాసన చూశాను. మా పెరటి అల్లమే. వాసన నేను గుర్తుపట్టలేనా? పాకే గుణం ఉందని ముందే చెప్పాను గదా. సంచి అడుగున చిల్లు పడి నేలలోకి దిగి, అద్దంకిలో బయలుదేరి, చీరాల దాటి, వాడరేవు దాకా పాకింది. సముద్రం అడ్డొచ్చింది గాబట్టి ఆగింది. నేను అక్కడ గట్టిగా లాగాను. వెంటనే షాజాదీ ఫోన్. ఏమండీ, పెరట్లో సంచి దానంతట అదే కదులుతోందని."

అందరూ షాజాదీ వైపు తిరిగారు. ఈసారి రమణమ్మ కూడా తల ఎత్తింది.

"ఏమ్మా షాజాదీ," అంది. "కదిలిందా?"

షాజాదీ కొంగు సర్దుకుంది. అవునంటే తనూ ఆ పడవ ఎక్కినట్టే. కాదంటే పదిమందిలో భర్త తల తీసినట్టే. బాషా ఆమె వైపు చూడకుండా టీ గ్లాసులోకి చూసుకుంటున్నాడు. అందులో టీ లేదు. ఆ ఖాళీ గ్లాసు చూసి ఆమెకి జాలేసింది. అయినా రమణమ్మ కళ్ళలోకి చూస్తూ అబద్ధం చెప్పలేకపోయింది.

"సంచి కదిలిన మాట నిజమేనండీ," అంది. "నేను ఫోన్ చేసిందీ నిజమే. పక్కింటి మేక లాగుతోంది."

అయూబ్ నవ్వు ఆపుకోలేక స్టవ్ వైపు తిరిగిపోయాడు. బాషా మాత్రం చలించలేదు. "అది మేక అనుకుంది పిచ్చిది. ఆడమనిషి, భయపడకుండా ఉండాలని నేనే ఊరుకున్నా," అన్నాడు.

రమణమ్మ చాట పక్కన పెట్టి, చేతులకంటిన ఆకు దులుపుకుంది.

"బాషా, నీ అల్లం అద్దంకి నుంచి వాడరేవుకి ఏ దారిన పోయింది?"

"చీరాల రోడ్డు వెంబడే అమ్మా, తిన్నగా."

"రోడ్డుకి ఏ పక్కన?"

బాషా ఆలోచించాడు. ఇలాంటి ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. "ఎడం పక్కనే అమ్మా. కుడి పక్క నేల గట్టి."

"మా తోట ఎడం పక్కనే గదా," అంది రమణమ్మ నెమ్మదిగా. "పోయినేటి నుంచి చూస్తున్నాను. మా తోటలో ఏదో ఒకటి నేల లోపల అడ్డంగా పాకుతోంది. ముక్క ముక్కకీ మొలక వేస్తోంది. ఎంత తవ్వినా వారం తిరిగేసరికి లేస్తోంది. తవ్వితే నాటుమందు వాసన కూడా. ఎవరిదో ఏంటోనని ఊరుకున్నాం. ఇన్నాళ్ళకి ఆసామి దొరికాడు. రా, చూద్దువుగాని."

అందరూ లేచి కొట్టు వెనక్కి నడిచారు. మునగచెట్ల మధ్య, ఈ గట్టునుంచి ఆ గట్టు దాకా, దుప్పటి పరిచినట్టు పచ్చగా తుంగ కలుపు ఉంది. కాలు పెట్టే చోటు లేదు. ఒక మొక్క లాగితే పైన ఆకు చేతికొస్తుంది, కింద గడ్డ నేలలోనే ఉండిపోతుంది. ఆ గడ్డనుంచి దారం లాంటి తీగ ఇంకో గడ్డకి పోతుంది, అక్కడినుంచి ఇంకోదానికి. రైతు ఎవడూ కోరి దాని జోలికి పోడు.

బాషా వంగి ఒక మొక్క లాగాడు. ఆకే చేతికొచ్చింది.

"అమ్మా, ఇది తుంగ," అన్నాడు చివరికి.

"తుంగా? మరి నీ అల్లం ఏమైనట్టు? మా తోట కిందుగా పోకుండా వాడరేవుకి ఎట్లా పోయింది?"

బాషా చేతిలోని ఆకు కింద పడేశాడు. కోత కోశానని ఒప్పుకుంటే, సంచుల్లో పండించిన నిజమైన అల్లం కూడా ఆ కోతలో కొట్టుకుపోతుంది. నా అల్లమే అంటే తవ్వాలి. చెంచురామయ్య నవ్వడం కూడా మరిచిపోయి ఆయన ముఖమే చూస్తున్నాడు.

"పోయే దారిలో కొంచెం రూపం మారి ఉంటదమ్మా," అన్నాడు బాషా సన్నగా. "నేల మారింది గదా."

"మారినా నీదే గదా. నీ పంట నువ్వు తవ్వుకుపో. గడ్డ ఒక్కటి మిగలకుండా ఏరావంటే ఆ నేలలో అల్లం వేసుకో. నాకేం అభ్యంతరం లేదు."

క్రీస్తుదాసు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అటు తిరిగాడు. భుజాలు ఊగుతున్నాయి. రమణమ్మ ఆయన్నీ వదల్లేదు.

"నువ్వు కూడా ఆ గట్టునుంచి మొదలుపెట్టు దాసూ. వాడరేవులో ఆ చోటు చూశానన్నావు గదా. ఇది ఏ కొసన తేలిందో నీకే బాగా తెలుసు. ఎవరు ఎంత శుభ్రం చేస్తే అంత నేల వాళ్ళకి కౌలు. మధ్యలో కలుసుకోండి."

క్రీస్తుదాసు భుజాలు ఆగిపోయాయి. "అమ్మా, నేనేదో మాటవరసకి..." అన్నాడు.

"బాషా చెప్పిందేమో మాటవరస కాదు. నువ్వు సాక్ష్యం చెప్పిందేమో మాటవరసా?" అంది రమణమ్మ. చాట తీసుకుని నీడలోకి జరిగి కూర్చుంది, ఇక తన పని చెప్పడం అయిపోయిందన్నట్టు.

చెంచురామయ్యే ఇంటికి పోయి రెండు గునపాలు తెచ్చాడు. అంత మంచి వినోదం ఆయనకి ఈ మధ్యకాలంలో దొరకలేదు. బాషా లుంగీ ఎగ్గట్టాడు. క్రీస్తుదాసు చొక్కా విప్పి కొమ్మకి తగిలించి, ఎవరితోనూ మాట్లాడకుండా అవతలి గట్టుకి పోయాడు. ఇద్దరూ పొద్దెక్కేదాకా తవ్వారు. షాజాదీ భర్త వెనకాలే బుట్ట పట్టుకుని గడ్డలు ఏరింది. కోపంగా ఉండాలనుకుంది గాని, నేల చేతికి దక్కబోతోందని లోపల సంతోషంగానే ఉంది. మట్టి పొడిపొడిగా, వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది. అల్లానికి ఇంతకంటే మంచి నేల ఉండదు.

ఒకచోట బాషా గునపం పక్కన పడేసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక తీగ దొరికింది. దాని వెంట వేళ్ళతో మట్టి తీసుకుంటూ పోయాడు. ఒక గడ్డ, దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి. తెగకుండా పోతూనే ఉంది. రమణమ్మ నీళ్ళ చెంబుతో అటుగా వచ్చి నిలబడింది.

"ఎంత దూరం పాకింది బాషా?"

బాషా తల ఎత్తాడు. ముందు ఆ తీగ వైపు చూశాడు. తర్వాత ఇంకా తవ్వాల్సిన నేల వైపు, ఆ చివర గట్టు దాకా చూశాడు. నుదుటి మీది చెమట మోచేత్తో తుడుచుకున్నాడు.

"ఎంతో లేదమ్మా," అన్నాడు. "జానెడు."

షాజాదీ వంగి చూసింది. మూరెడు పైనే ఉంది.